ఖాళీ అని గుర్తు పెట్టిన పేజీలు

తిరుత్తణి కొండమీది స్వామి సాక్షిగా, ఇరవై తొమ్మిదేళ్ళు నేను పీల్చిన రికార్డు రూము దుమ్ము సాక్షిగా చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం చదవగానే నవ్వుతారు. నవ్వనివ్వండి. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు దాకా పొద్దున ఎలక్ట్రిక్ రైల్లో నా కథలు వినడానికి నా పక్కన చోటు పట్టుకునేవాళ్ళు ఉండేవారు గానీ, ఒక్క కథ నమ్మినవాళ్ళు లేరు. ఇది రైలు కథ కాదు. రికార్డు రూముల్లో కొత్తగా చేరుతున్నవాళ్ళ కోసం, ఆ ఉద్యోగం నిజంగా ఏమిటో చెప్పడానికి రాస్తున్నది. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఎందుకు రాలేదో ఇందులో ఉండదు.

చక్రపాణి సారు నేర్పిన అనుమానం

మా ఆఫీసు పేరు చెప్పను. భూముల కాగితాలు దాచే చోటు అనుకోండి చాలు. ఒకప్పుడు తిరుత్తణిలో పాత పెంకుటింట్లో ఉండేది. తర్వాత కట్టలన్నీ లారీలెక్కి తిరువళ్ళూరు చేరాయి, వాటి వెనకే నేనూ.

రికార్డు కీపరు కాగితాలకు కాపలా కాస్తాడని బయటివాళ్ళు అనుకుంటారు. కాగితానికి కాపలా ఎందుకు? అది తనంతట తాను ఎక్కడికీ నడిచిపోదు. కాపలా మనుషుల మీద. ఈ ముక్క నాకు నేర్పినవాడు నా మొదటి పై అధికారి చక్రపాణి సారు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ట్వైను దారం ఉండ. చేరిన మొదటి రోజే నన్ను గుమ్మంలో నిలబెట్టి చెప్పాడు.

"కాగితం కావాలని వచ్చేవాణ్ణి వదిలిపెట్టు. వానికేం కావాలో వాడే చెప్తాడు. ఊరికే బాగుండారా అని పలకరించేదానికి వస్తాడే, వాని చేతులు చూడు."

అప్పటినుంచి నేను మనుషుల మొహాలు చూడడం మానేశాను. మా పెళ్ళిచూపుల్లో కూడా చేతులే చూశానని మా ఆవిడ ఈనాటికీ ఎత్తిపొడుస్తుంది.

ఆ పెంకుటింటికి కొండమీది కోతులు వచ్చేవి. ఒకసారి ఒక కోతి కిటికీలోంచి ఒక గ్రామం పటం ఎత్తుకుని వేపచెట్టెక్కింది. అరటిపండు చూపించాం, దిగలేదు. చివరికి సారు ఇంకొక పటం తెచ్చి చూపించాడు. కోతి దిగివచ్చింది, రెండూ పక్కపక్కన పరిచి చూసుకుంది, పాతది మాకు వదిలేసి కొత్తది పట్టుకుపోయింది. సారు వెంటనే రిజిస్టరు తెరిచి, ఏ పటం ఎవరు ఎప్పుడు తీసుకుపోయారు అన్నచోట ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఇంకోసారి రెండు కట్టల మధ్య నిలువెత్తు పాము కుబుసం దొరికింది. దానికీ ఒక నంబరు వేసి జాబితాలో ఎక్కించాడు.

"ఎందుకు సార్ ఇది?" అన్నాను.

"రేపు ఎవడన్నా వచ్చి, మీ రూములో పాము ఉండాదంట కదా అంటే? ఉన్నింది, పోయింది, సాచ్చికం ఇదిగో అని చూపించల్ల."

రికార్డు అంటే అది. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడం.

ముడి

మా పనిలో ఒక ఆచారం ఉంది, ఏ ట్రైనింగులోనూ చెప్పరు. కట్ట కట్టే ముడి ఎవరిది వాళ్ళకు ఉంటుంది. చక్రపాణి సారు ముడి ఎడమకు రెండు చుట్లు, లోపలికి ఒక మడత. నేను అదే నేర్చుకుని చివర ఒక చుట్టు పెంచాను. మన ముడిని మనం చీకట్లో తడిమినా గుర్తుపడతాం. నా తర్వాత ఎవరైనా కట్ట విప్పి మళ్ళీ కడితే, వాళ్ళు ఎంత బాగా కట్టినా నాకు తెలిసిపోతుంది. తాళం కన్నా ముడి గట్టిది. తాళంచెవికి నకలు ఉంటుంది, వేళ్ళ అలవాటుకు ఉండదు.

రెండోది చీటీ. కట్టలోంచి ఒక కాగితం తీస్తే, తీసిన చోట తీసినవాడి పేరుతో చీటీ పెట్టాలి. చీటీ లేని ఖాళీ దొంగతనం కింద లెక్క.

ఈ రెండూ కంప్యూటరులో లేవు. అందుకే కంప్యూటరును నేను మొదటి రోజునుంచీ అనుమానంగానే చూశాను. అనుమానించాల్సిన చోట అనుమానించలేదని తర్వాత తెలిసింది.

మూడే మాటలు

స్కానింగుకు చెన్నై నుంచి ఒక కాంట్రాక్టు బృందం దిగింది. వాళ్ళ సూపర్‌వైజరు కార్తీక్, కళ్ళజోడు, మెత్తటి మాట, బూట్లు గది బయట విడిచి వచ్చే మర్యాద. ఇంత మర్యాద ఎందుకా అని నాకు అనుమానం. మెషీన్ల దగ్గర ఇంకో నలుగురు. కట్టలు విప్పి, దుమ్ము దులిపి, పిన్నులు పీకి, మడతలు సాపుచేసి వాళ్ళకు అందించడానికి సుగుణ అని ఒక మనిషిని పెట్టారు. స్కానింగు అయిన కట్టను మళ్ళీ కట్టడం మాత్రం నా పని. నలభై ఐదేళ్ళుంటాయి. మాలాగే తిరుత్తణి వైపు నుంచి రైల్లో వచ్చేది. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు దుమ్ముకు. రైల్లో కూర్చున్నంతసేపూ పూలు కట్టేది. సాయంత్రం తిరుత్తణి స్టేషను బయట అవి అమ్మేది.

పద్ధతి ఇది. పేజీ మెషీనులో పెట్టగానే తెర మీద మూడు మాటలు వస్తాయి: బాగుంది, చిరిగింది, ఖాళీ. 'బాగుంది' నొక్కితే అందులో ఉన్న ఊరి పేరు, సర్వే నంబరు తమిళంలో టైపు చేయాలి, చేయకపోతే తర్వాతి పేజీకి పోనివ్వదు. 'ఖాళీ' నొక్కితే ఏమీ అడగదు. ఖాళీ పేజీలు గోతాల్లోకి పోతాయి, గోతాలు కాగితం మిల్లుకు. రోజు చివర నేను పేజీల మొత్తం సరిచూసి సంతకం పెట్టాలి. మొత్తం ఎప్పుడూ సరిపోయేది. నేను పెట్టేవాణ్ణి.

తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లాలో ఉన్న కాలంలో మా రిజిస్టర్లు తెలుగులో రాసేవారు. కార్తీక్ బృందంలో ఒక్కరికీ తెలుగు లిపి రాదు. ఆఫీసు మొత్తంలో చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పేజీలు వచ్చినప్పుడు వాళ్ళు నన్ను అడగలేదు. 'ఖాళీ' నొక్కుకుంటూ పోయారు. అంచుదాకా సిరాతో నిండిన పేజీలు!

మంగమ్మక్క బండిదారి

అది బయటపడింది మంగమ్మక్క వల్ల. తిరుత్తణికి అవతల పల్లె, భర్త పోయిన మనిషి, ఎకరన్నర చెరుకు. ఒక శుక్రవారం పొద్దున్నే ప్లాస్టిక్ సంచి చంకలో పెట్టుకుని కౌంటరు ముందు నిలబడింది.

"నాయుడన్నా, మా మామ కాలం నాటి బండిదారి కాగితం ఉండాది. ఎతికి ఇయ్యన్నా."

"ఇప్పుడు బండిదారితో ఏం పని వచ్చిందక్కా?"

"మా బావ రాళ్ళు నాటి కంచె ఏసేసినాడు. నా చేనికి పొయ్యే దావ అదొక్కటే. చెరుకు కోతకొచ్చి నిలబడుండాది. ట్రాక్టరు యాడ పోవల్ల, నా నెత్తిమీదనా?"

"బావను అడగలేదా?"

"అడిగినా. దావ ఉండేదని కాగితం చూపించు, కంచె నేనే పీకేస్తా అంటా ఉండాడు. వచ్చే శుక్రవారం విచారణ. ఆ పొద్దు నా చేతిలో కాగితం లేకపోతే చెరుకు చేనులోనే ఎండిపోతాది. వచ్చే యేడు ఆ బూమి ఆయనకే ఇచ్చి పోవల్ల. ఆయన చూసేదే దానికి."

కంప్యూటరులో ఊరి పేరు కొట్టాను. రికార్డు లేదు. సర్వే నంబరు కొట్టాను. రికార్డు లేదు.

"లేదంటే ఏమన్నా అర్థం? మా మామ చూపించినాడు నాకు. ఎర్ర గుడ్డ కట్ట. మీ ఆపీసులోనే."

ఆమె సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. బావ అప్పటికే మా ఆఫీసు నుంచి తీసుకున్న సర్టిఫికెట్ అది. ఆ నంబరులో దారి ఉన్నట్టు రికార్డు లేదు అని ఉంది. కింద మా పై అధికారి మేడమ్ సంతకం. దాని పక్కన, స్కానింగు సరిచూడడమైనది అన్నచోట, నా సంతకం.

నా ఒంట్లో అనుమానం ఎక్కడెక్కడ ఉందో అంతా ఒక్కసారి లేచి కూర్చుంది.

అనుమానితుల వరస

లోపలికి పోయి ఆ ఊరి కట్ట తీశాను. చేత్తో పట్టుకోగానే తెలిసింది, బక్కచిక్కింది. చీటీ లేదు. ముడి నాది కాదు. బిగువుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టున్న చిన్న ముడి, ఎక్కడో చూసినట్టుంది గానీ ఎక్కడో గుర్తు రాలేదు.

మొదట మేడమ్‌ను అనుమానించాను. ఆరు నెలల కిందట బదిలీ మీద వచ్చింది, ఎవరినీ గట్టిగా ఒక మాట అనదు. మంగమ్మక్క బావ రెండుసార్లు ఆమె గదిలోకి పోవడం నేను చూశాను, రెండోసారి నవ్వుతూ బయటికి వచ్చాడు. తర్వాత కార్తీక్‌ను, స్కానింగు లెక్కలో ఆ ఊరి తెలుగు పేజీలన్నీ 'ఖాళీ' కింద పడి ఉన్నాయి గనక. అతనితో మా మాట తమిళంలోనే, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"తెలుగు పేజీలను ఖాళీ అని ఎందుకు కొట్టారు?"

అతను కళ్ళజోడు తీసి నావైపు వింతగా చూశాడు. "మీకు తెలియదా సార్?"

ఆ చూపు నాకు నచ్చలేదు. ఏదో దాస్తున్నవాడి చూపు అనుకున్నాను.

గోతాలు మెట్ల కింద ఉన్నాయి. లారీ బుధవారం వస్తుంది. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు తలుపు దగ్గరికేసి, గోతాలన్నీ విప్పాను. మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికాను. ఉన్నవన్నీ నిజంగానే తెల్ల కాగితాలు. తెలుగు పేజీ ఒక్కటీ లేదు. అంటే ఎవరో తెలుగు పేజీలను మాత్రమే ఏరి తీసుకుపోయారు. అలా ఏరాలంటే తెలుగు లిపి గుర్తుపట్టాలి. ఆఫీసులో గుర్తుపట్టేవాడు ఎవడు?

నేనే. గోతాల మధ్య కూర్చుని, అనుమానితుల వరసలో చివర మిగిలినవాణ్ణి నేనే అని తెలుసుకున్నాను. పేజీలు నేను తీయలేదని నాకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?

శని, ఆదివారాలు అన్నం సయించలేదు. సోమవారం సాయంత్రం తిరుత్తణి స్టేషను బయట మా ఆవిడ కోసం మూర మల్లెపూలు కొన్నాను. ఇంటికి నడుస్తూ ఊరికే దారం కొస వేళ్ళతో తడిమాను.

అదే ముడి. బిగువుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుగా.

బీరువా మీద మూట

మంగళవారం పొద్దున సుగుణను ఆపాను.

"ఆ ఎర్ర గుడ్డ కట్ట ఎవరు విప్పి కట్టినారు?"

"నేనే సార్."

"కట్టమని ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలే. రాండి చూపిస్తా."

వెనక గదిలో విరిగిన ఫ్యాను పడేసిన ఇనప బీరువా ఉంది. కుర్చీ వేసుకుని ఎక్కి, ఫ్యాను వెనకనుంచి ఒక మూట దించింది. పాత చీర ముక్కలో చుట్టి, పూల ముడులు వేసిన మూట. విప్పింది. నా తెలుగు పేజీలన్నీ అందులో ఉన్నాయి, ఊరి వరసన, ఒక్క మడత లేకుండా.

"ఆ పిల్లోల్లు ఇవన్నీ గోతంలో ఏసేసినారు సార్. నాకు మనసు ఒప్పలే. ఇవి బైబిలు అచ్చరాలు."

"ఏమి అక్షరాలు?"

"మా తాత బైబిలు ఇట్లే ఉంటాది. గుండ్రంగా. నేను చదివింది అరవం బడిలో, ఇవి చదవను రాదు. చూస్తే మాత్రం తెలస్తాది. దేవుని అచ్చరాలను తూకానికి ఏస్తే పాపం గదా?"

పై పేజీ చూశాను. ఒక అమ్మవారి గుడి మాన్యం. దాని కిందిది ఇంకో గుడి పూజారి పొలం. బైబిలని ఆమె దాచిన వాటిలో సగం గుళ్ళ భూములే. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెప్తే మీరు ఒక కత చెప్తారు సార్. నాకు పని ఉండాది."

మంగమ్మక్క మామ పేరు పదకొండో పేజీలో దొరికింది. తూర్పు గట్టు వెంబడి పన్నెండు అడుగుల బండిదారి, ఇరువురి అనుభవంలోనిది. గోధుమరంగుకు తిరిగిన సిరా, కింద ఎవరో కరణం సంతకం. నకలు తీసి, తమిళంలోకి మార్చి రాసి, ముద్ర వేయించి, గురువారం మంగమ్మక్క చేతిలో పెట్టాను. ఆమె చదవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇదే అన్నా. మా మామ చూపించిందే."

బావ వేసిన ప్రశ్న

విచారణలో బావ తెలివైన ప్రశ్నే వేశాడు.

"పోయిన నెల లేదని మీరే రాసిచ్చినారు. ఇప్పుడు యాడనించి వచ్చింది? ఈయమ్మకు మీవోళ్ళు కొత్తగా పుట్టించి ఇచ్చినారా?"

అతని చోట నేనున్నా అదే అడుగుతాను. పేజీ ఇన్నాళ్ళూ ఎందుకు కనబడలేదో మా ఆఫీసు రాతమూలకంగా చెప్పాలని విచారణ అధికారి అన్నాడు. చెప్పకపోతే నకలు చెల్లదు. మేడమ్ అందరినీ తన గదిలోకి పిలిచింది. నేనూ, కార్తీక్, గోడకు ఆనుకుని సుగుణ.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "మేడమ్, తప్పు నాది. పేజీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను గానీ ఏం రాసుందో చూడలేదు. చూడకుండా సంతకం పెట్టాను. ఈమె లేకపోతే ఆ ఊళ్ళ భూములన్నీ బుధవారం మిల్లుకు పోయేవి. రిపోర్టులో అలాగే రాయండి" అన్నాను. మేడమ్ తన ఫ్లాస్కులోంచి కాఫీ వంచి మొదట సుగుణకు ఇచ్చింది. కార్తీక్ కళ్ళు తుడుచుకున్నాడు. సుగుణ తన సంచిలోంచి రెండు మూరల పూలు తీసి నా బల్ల మీద పెట్టింది.

బావ కంచె పీకాడు. ట్రాక్టరు చేలోకి పోయింది. చెరుకు లోడు మిల్లు చేరింది.

మీకు చెప్పదలుచుకున్నది

కాబట్టి, కొత్తగా చేరేవాళ్ళు వినండి. తెర మీద 'లేదు' అని కనబడితే, లేదు అని ఎవరు చెప్పారో అడగండి. మొత్తం సరిపోయిన రోజున ఇంకా ఎక్కువ అనుమానించండి, పేజీ పోయినా, పేజీలో ఉన్నది పోయినా మొత్తం మారదు. ఫారంలో మూడే మాటలు ఉంటే, నాలుగోది కావలసిన కాగితం ఎటు పోతోందో చూడండి. మీరు చదవలేని కాగితం ఖాళీ కాగితం కాదు. పిన్నులు పీకే మనిషితో రోజూ రెండు మాటలు మాట్లాడండి. ప్రతి పేజీనీ చేత్తో ముట్టుకునేది ఆ గదిలో ఆ మనిషే.

ఒప్పుకోలు

మొదట్లో ప్రమాణం చేశాను కదా. ఒకచోట తప్పాను.

మీరు కోతి అనుకుంటున్నారు. కోతి నిజం, ఆ పటం ఇప్పటికీ దొరకలేదు. పాము కుబుసం నిజం, దాని నంబరు నాకు నోటికి వచ్చు. బైబిలు అక్షరాలు నిజం, బీరువా నిజం.

నేను లేచి నిలబడ్డానన్నది అబద్ధం.

వాళ్ళు నన్ను అడగలేదని కూడా రాశాను. అడిగారు. స్కానింగు రెండో రోజే కార్తీక్ ఒక తెలుగు పేజీ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "సార్, ఇది ఏ లిపి? ఏం చేయాలి?" నేను టీ తాగుతున్నాను, చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు, కథ చెప్పకుండా ఉండలేకపోయాను. "అది నాగలిపి. పాత కట్టల్లో పాము కాపలా పేజీలు ఉంటాయి, చదివితే కళ్ళు పోతాయి, వదిలెయ్" అన్నాను. అందరం నవ్వాం. తర్వాత పిలిచి అసలు సంగతి చెబుదామనుకున్నాను, మరిచిపోయాను. వాళ్ళు పామును నమ్మలేదు. 'వదిలెయ్' అన్న మాటను నమ్మారు. మీకు తెలియదా సార్ అని కార్తీక్ చూసిన చూపు అదే.

మేడమ్ గదిలో కాఫీ లేదు, కన్నీళ్ళు లేవు. "ఎలా జరిగింది?" అని మేడమ్ అడిగింది. కార్తీక్ నావైపు చూశాడు, అతని కాంట్రాక్టు బిల్లుల మీద నా సంతకం కావాలి, ఊరుకున్నాడు. సుగుణ నావైపు చూసింది. రిపోర్టు నేనే రాశాను. కాంట్రాక్టు పనిమనిషి అనుమతి లేకుండా కట్ట విప్పి, పేజీలను వేరే చోట పెట్టినందువల్ల రికార్డు కనబడలేదు. ఒక్క వాక్యం. దాంతో మంగమ్మక్క నకలు చెల్లింది, బావ నోరు మూతపడింది, కంచె పోయింది. మరుసటి సోమవారం నుంచి సుగుణను పనిలోకి రావద్దన్నారు. ఆ తర్వాత మూడు నెలలకు నేను స్వచ్ఛందంగా రిటైరయ్యాను. ఎందుకని రైల్లో అడిగినవాళ్ళకు నడుం నొప్పి అని చెప్పాను.

సుగుణ ఇప్పుడు తిరుత్తణి స్టేషను బయట రోజంతా కూర్చుంటుంది. నన్ను చూస్తే, "బాగుండారా సార్" అంటుంది. ఊరికే పలకరించేవాళ్ళ చేతులు చూడమన్నాడు చక్రపాణి సారు. చూశాను. పూలు కడుతూనే ఉన్నాయి.

నా రిపోర్టు కూడా స్కాన్ అయింది. తమిళంలో రాశాను కాబట్టి 'బాగుంది' అని గుర్తు పడింది. సుగుణ పేరు కొడితే తెర మీద మొదట వచ్చేది అదే. అందుకే ఇది రాశాను. దీని నకలు తమిళంలో ఆఫీసుకు పంపాను, ఇంకొకటి ఆమె చేతికిచ్చి చదివి వినిపించాను. ఆమె విని, "ఇదన్నా కత కాదు గదా సార్?" అంది. ఆ గదిలో మీలో ఎవరు చేరినా, నా రిపోర్టు ఉన్న కట్ట విప్పి, దాని పక్కన ఈ కాగితం పెట్టి, మీ ముడి వేయండి. కింద సంతకం నాదే. ఈసారి చదివే పెట్టాను.